తొమ్మిది బొట్లు

హ్యారియట్ గారికి ఆ ఫొటో చూపించాల్సింది శనివారం మధ్యాహ్నం. ఆవిడకి తొంభై దాటాయి. చూపు రోజురోజుకీ మసకబారుతోందనీ, ఇంకా ఆలస్యమైతే తాతగారి ముఖం ఇక చూడలేరనీ ఆవిడ మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ పుట్టకముందే ఆయన పోయారు. వాళ్లింట్లో ఉన్న ఆయన ఒక్క ఫొటో ఎప్పుడో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

నేను పందొమ్మిదో శతాబ్దపు బేస్‌బాల్ జట్ల ఫొటోలు సేకరిస్తాను. రెజైనాలో ఉద్యోగం చేసే రోజుల్లో పట్టుకున్న పిచ్చి ఇది. “ఎవరి తాతల్నో తెచ్చి మన గోడల నిండా పెడుతున్నారు” అని మా ఆవిడ దమయంతి విసుక్కునేది. విసుక్కుంటూనే వాటి మీద దుమ్ము తుడిచేది. ఇప్పుడు తనూ ఫొటోలోకి వెళ్లిపోయింది.

హ్యారియట్ గారి తాత ఉన్నది 1886 నాటి ఒక పల్లెటూరి జట్టులో. తొమ్మిదిమంది మీసాలవాళ్లు, ఛాతీ దగ్గర తాళ్లు బిగించిన చొక్కాలు. ఉత్త చేతులతో బంతి పట్టేవారేమో, వేళ్లన్నీ వంకర్లు. వెనక పెన్సిల్‌తో రాసిన పేర్లు చదవడానికి ఫ్రేము విప్పాను. చదివాక ఫొటో అంటించిన ఆ అట్టని దమయంతి ఫొటో పక్కన ఆనించి, శుక్రవారం పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి తొమ్మిదిమందికీ నుదుట ఎర్రటి కుంకుమ బొట్లు!

మా స్కార్‌బరో ఇంటి బేస్‌మెంట్లో ముగ్గురు స్టూడెంట్లు ఉంటారు. ఈ రెండేళ్లలో ఏ వీధిలో చూసినా బేస్‌మెంట్లన్నీ మన పిల్లలే. వాళ్లలో జగిత్యాల అమ్మాయి నిఖిల, ప్రతి శుక్రవారం పైకొచ్చి దీపం పెట్టి, దమయంతి ఫొటోకి బొట్టు పెట్టి వెళుతుంది. పెట్టమని నేను ఎప్పుడూ అడగలేదు.

“నిఖిలా, ఇదేంటమ్మా?”

“బొట్టు అంకుల్. ఆంటీ పక్కన పెట్టిన్రు గదా, మీ పెద్దోళ్లేమో అనుకున్న.”

“తెల్లవాళ్లమ్మా వీళ్లు! బేస్‌బాల్ ఆటగాళ్లు!”

“మరి చచ్చిపోయిన్రా, లేదా?”

“ఎప్పుడో పోయారు.”

“గదే గదా అంకుల్.” నా ముఖం చూసి గొంతు తగ్గించింది. “అద్దం లేదని సూస్కోలే. ఖరాబైందా?”

మెత్తటి బ్రష్‌తో దులిపాను. పొడి రాలింది కానీ మరక దిగలేదు. తడి చేత్తో పెట్టిందిగా, కాగితం పీల్చేసింది. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగాను. చివరికి మార్కమ్‌లో ఉండే చక్రధర్‌కి ఫోన్ చేశాను. ఆయనా నాలాగే పాత ఫొటోల మనిషి.

“ముట్టుకోకండి భీమారావుగారూ. తుడిస్తే ముఖాలు కూడా చెరిగిపోతాయి. ముందు రేపటిది క్యాన్సిల్ చేయండి. బాగు చేసేవాళ్లకి ఇద్దాం.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“నెలలే.”

ఆవిడకి నెలలు లేవు. వెళ్లాలా, మానాలా? ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు బయల్దేరుతుంటే నిఖిల షూ వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. “నేనొస్త అంకుల్. తిట్లు నాయి, మీరెందుకు తింటరు?”

బస్సు నిండా బ్యాక్‌ప్యాకులే. నా చేతిలోని అట్ట చూసి ఎవరో అమ్మాయి లేచి చోటిచ్చింది. కూర్చున్నానే కానీ స్థిమితం లేదు. స్టాపు స్టాపుకీ దిగిపోదామనిపించింది.

వృద్ధాశ్రమంలో హ్యారియట్ గారు కిటికీ పక్కన కూర్చుని, భూతద్దం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఫొటో ఒళ్లో పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ వెతికారు.

“అంతా గోధుమరంగు మంచే,” అన్నారు. “ఏవో ఎర్రటి చుక్కలు మాత్రం కనిపిస్తున్నాయి.”

నేను నోరు తెరిచేలోపే నిఖిల తన ఇంగ్లిష్‌లో గబగబా చెప్పేసింది. మా ఇళ్లలో పోయినవాళ్ల ఫొటోలకి ఇలా పెడతామనీ, పొరపాటు తనదేననీ, అంకుల్‌ని ఏమీ అనొద్దనీ.

“ఒక్కొక్కరికీ ఒక్కటా?” అన్నారావిడ.

“అవును. నుదుటి మీద.”

“మా తాత ఏ చుక్క కింద ఉన్నాడు?”

“వెనక వరసలో ఎడమ నుంచి మూడోది,” అన్నాను.

భూతద్దం మెల్లగా జరిగింది. ఒక చుక్క, రెండో చుక్క, మూడోది. అక్కణ్ణుంచి కాస్త కిందికి దిగి ఆగింది.

“చెవులు!” అన్నారు. “అయ్యో, ఇవి మా తమ్ముడి చెవులే! వాడితో నాకు ఒక్కరోజు పడితే ఒట్టు.”

నిఖిల ఫక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడా నవ్వారు. చెవుల దగ్గర్నుంచి కళ్లకి, కళ్ల నుంచి మీసానికి, మళ్లీ కళ్లకి భూతద్దం తిరుగుతూనే ఉంది. మేనకోడలు తెచ్చిన టీ చల్లారింది.

“అంకుల్, నాకు షిఫ్టుంది,” అని గొణిగింది నిఖిల.

ఫొటో తీసుకోవడానికి చెయ్యి చాపాను. ఆవిడ అది గమనించనేలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, మేనకోడలికి నమస్కారం పెట్టి బయటికి నడిచాను.