ఇసుక తాగిన రాగి

గాజు ట్యాంక్ గదిలోకి వచ్చిన రోజున వజ్రమ్మ కొడుకును అడిగిన మొదటి మాట, "దీనికి కొబ్బరికాయ కొట్టవారా?" అని.

"అమ్మా, చేపల ట్యాంక్ ఇది. బిల్డింగ్ గాదు" అన్నాడు స్వప్నిల్.

ముంబై కామాఠిపురాలోని వరుస గదుల చాల్‌లో, రెండో అంతస్తులో వాళ్లది ఒకటే గది. మంచం, గ్యాస్ బండ, దేవుడి అర, కోడలు దర్శన పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి బిందె. వీటి మధ్య బట్టల పెట్టెలను మంచం కిందికి తోసి ట్యాంక్‌కు చోటు చేశారు. స్వప్నిల్ క్లినిక్కుల్లో, హోటళ్లలో చేపల ట్యాంకులు శుభ్రం చేస్తాడు. ఏళ్ల తరబడి ఊరివాళ్ల ట్యాంకులు కడిగాక, ఉప్పునీటిలో పగడాలూ రొయ్యలూ పెరిగేది ఒక్కటైనా తన ఇంట్లో ఉండాలనుకున్నాడు.

అతను తెల్లని పగడపు ఇసుకను అడుగున పోసి అరచేత్తో చదును చేస్తుంటే వజ్రమ్మ మంచం మీద కూర్చుని చూసింది. పెళ్లికి ముందు ఆమె తల్లి వెంట కట్టడం పనులకు వెళ్లి తట్ట మోసింది. ఎంత పెద్ద బిల్డింగ్ అయినా, పునాదిలో ఇసుక పరిచాక మేస్త్రీ ఈశాన్యం మూల రాగి కాసు పెట్టేవాడు. ఆ తరువాతే రాయి దించేవారు. కాసు మరిచిన చోట గోడ పగిలిందని తల్లి పేరుపేరునా చెప్పేది.

స్వప్నిల్ ఉప్పు సంచి తేవడానికి కిందికి దిగాడు. దర్శన గ్యాలరీలో బట్టలు ఆరేస్తోంది. వజ్రమ్మ నడుముకున్న వక్కల తిత్తి విప్పి రాగి చిల్లికాసు తీసింది. పసివాడుగా ఉన్నప్పుడు స్వప్నిల్ మొలతాడుకు కట్టిన కాసు అది. దాన్ని ఈశాన్యం మూల ఇసుక అడుగుకంటా దూర్చి, పైన మళ్లీ చదును చేసింది. కొడుకు మొదటిసారి తన కోసం ఏదో కట్టుకుంటున్నాడు. నిలబడాలి.

నీళ్లు నిండి దీపం వెలిగిన కొన్నాళ్లకు పక్క గది సాయమ్మ చూడడానికి వచ్చింది.

"వజ్రక్కా, సముద్రం ఇంట్లకే వచ్చిందట! ఇగ చౌపాటీకి పోయే పని లేదు. భేల్‌పూరీ బండి గూడ పెట్టుండ్రి" అని నవ్వి, ట్యాంక్ దగ్గరికి వంగింది. "ఇసుక మీద ఈ తుప్పేందిరా? కంపెనీ సరుకు కాదా?"

"కొత్త ట్యాంక్‌ల అట్లనే వస్తది పిన్నీ. కొన్నాళ్లకు దానంతటదే పోతది."

సాయమ్మ కొంగుముడి విప్పి చిటికెడు పసుపు తీసింది. స్వప్నిల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "అరే నక్కో, నక్కో! ఇండ్ల ఏం వెయ్యొద్దు పిన్నీ. రాగి అయితే అసలే తగలొద్దు. చేపలు ఎట్లనో బతుకుతయ్ గాని రొయ్యలు, నత్తలు, పగడాలు ఒక్కటి మిగలదు."

వజ్రమ్మ చేతిలో అడకత్తెర ఆగింది. సాయమ్మ పోయాక చెబుదామనుకుంది. సాయమ్మ పోయింది. కొడుకు ముఖం ట్యాంక్ వెలుగులో చిన్నపిల్లాడిలా ఉంది. అన్ని నీళ్లలో అరిగిపోయిన కాసు ఏం చేస్తుందిలే అనుకుని, వక్క నోట్లో వేసుకుంది.

ఇసుక మీది తుప్పు నిజంగానే పోయింది. స్వప్నిల్ రెండు నారింజరంగు చేపలు, నత్తలు, వేళ్లలా ఊగే మెత్తటి పగడం, ఎర్రచారల రొయ్య ఒకటి తెచ్చాడు. రొయ్య మీసాలు ఆడిస్తూ రాతి మీద నిలబడితే, చాల్ పిల్లలందరూ గుమ్మంలో మూగారు. ట్యాంక్‌లో నీళ్లు ఆవిరై తగ్గినప్పుడల్లా, గీత దాకా ఆర్.ఓ. నీళ్లు పోసే పని దర్శనది.

వారం తిరక్కుండా నత్తలు వెల్లకిలా పడ్డాయి. పగడం పిడికిలిలా ముడుచుకుంది. ఒక ఉదయం రొయ్య ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి.

స్వప్నిల్ ఉప్పు చూశాడు, వేడి చూశాడు, ఒక్కో సీసాలో ఒక్కో మందు చుక్క వేసి చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి షాపు నుంచి ఇంకో కిట్ తెచ్చి చుక్కలు వేశాడు. సీసాలో నీటి రంగు తిరిగింది.

"రాగి" అన్నాడు.

అతని చూపు పొయ్యి పక్కనున్న బిందె మీదికి పోయింది. దర్శన కూడా అటే చూసింది.

"నేనే పోసిన" అంది దర్శన మెల్లగా. "ఆనాడు ఆర్.ఓ. క్యాన్ అయిపోయింది. నీళ్లు గీత కిందికి దిగినయ్. మోటార్ కాలుతదేమో అని బిందెలకెల్లి ఒక్క లోటా పోసిన. ఒక్కటే."

"ఒక్కటే? ఎన్నిసార్లు జెప్పిన నీకు? ఫోన్ జేసి అడగొద్దా?"

దర్శన చచ్చిన రొయ్యను చిన్న వలతో పైకి తీసి కాగితంలో చుట్టింది. వజ్రమ్మ నోరు తెరిచింది. కాసు సంగతి చెప్పాలనుకుంది. కానీ బయటికి వచ్చింది వేరు.

"పోనియ్‌రా. తెల్వక పోసింది."

ఆ మాటతో దర్శన తప్పు ఖాయమైపోయింది. కోడలు కృతజ్ఞతగా తనవైపు చూస్తే వజ్రమ్మ తల తిప్పుకుంది.

మరునాడు దర్శన బిందెను చింతపండుతో తోమి, ఫోరస్ రోడ్‌లోని తల్లి రాములమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. ఇంట్లో ఉంటే మళ్లీ ఎప్పుడో దాని మీదికి చెయ్యి పోతుందని తనే అంది. పొయ్యి పక్కన బిందె అడుగు మచ్చ గుండ్రంగా తెల్లగా మిగిలిపోయింది. అక్కడ ఏదైనా పెడదామని వజ్రమ్మ బియ్యం డబ్బా జరిపి, మళ్లీ ఎక్కడిదక్కడే పెట్టింది.

ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు ఆమె చేయి మోచేతి దాకా ముంచి, మూలన ఇసుకలో తవ్వి కాసు తీసింది. అంచులు కొరికినట్టు గరుకుగా ఉన్నాయి. కొంగుతో తుడిచి తిత్తిలో వేసుకుంది. తీసేశాను, ఇక అయిపోయింది అనుకుంది. దర్శనకు ఆ సాయంత్రం తనే టీ పెట్టి ఇచ్చింది.

స్వప్నిల్ నీళ్లు సగానికి పైగా మార్చాడు, నీటిని శుభ్రం చేసే బొగ్గు సంచి వేశాడు. ఈసారి సీసాలో రంగు తిరగలేదు. కొత్త రొయ్యను తెచ్చాడు. దర్శన ట్యాంక్ దగ్గరికే పోవడం మానేసింది. నీళ్లు తగ్గితే, "మీరే పోసుకోండి" అనేది.

ఆ రొయ్యా చచ్చింది. సీసాలో రంగు మళ్లీ తిరిగింది.

స్వప్నిల్ సీసాను దీపం ముందు పట్టుకుని చాలాసేపు చూశాడు. "నిజం జెప్పు దర్శనా. బిందె గూడ లేదు గదా ఇంట్ల. ఏం పోసినవ్?"

"ఏం పోయలే."

"మరి ఆకాశంలకెల్లి పడ్డదా రాగి?"

దర్శన తన వేళ్లు చూసుకుంది. తల్లి తొడిగించిన రాగి ఉంగరాన్ని తిప్పింది. "ఈ ఉంగరంతోని చెయ్యి పెట్టిననేమో."

"పెట్టినవా?"

"లేదు... ఏమో. పెట్టిననేమో. యాదికి లేదు." ఆమె ఉంగరం లాగుతోంది. అది కణుపు దగ్గర ఇరుక్కుంది. సబ్బు కోసం, చేతులు కడిగే మోరీ దగ్గరికి వెళ్లింది.

చెయ్యి పెట్టని పిల్ల పెట్టాననుకుంటోంది. వజ్రమ్మ లేచి, తిత్తి విప్పి, కాసును ట్యాంక్ మూత మీద పెట్టింది.

"నేను పెట్టిన" అంది. "ఇసుక పోసిన్నాడే. పునాది అని. నీ మొలతాడు కాసు. తర్వాత తీసేసిన గూడ. తీసినంక మళ్లెట్ల చచ్చిందిరా?"

స్వప్నిల్ కాసు గరుకు అంచును గోరుతో గీకాడు. కేకలేస్తాడనుకుంది. అతను వేయలేదు.

"తీస్తే పోదమ్మా. ఇసుక తాగింది, రాళ్లు తాగినయ్. కొత్త నీళ్లు పోస్తే మళ్లీ కొంచెం కొంచెం కక్కుతది." కాసును తిరిగి మూత మీద పెట్టి, "ఒక్క లోటాకు ఇంత రాదు. నాకు ఆనాడే తెల్వాల్సింది" అన్నాడు. దర్శన వైపు చూడకుండానే అన్నాడు.

దర్శన సబ్బు నురుగు చేతులతో అక్కడే నిలబడింది.

"అత్తమ్మా, నేను లోటా సంగతి జెప్పిన్నాడు ఈ కాసు సంగతి నీకు ఎరుకే గదా?"

"ఎరుకే."

"తెల్వక పోసింది అన్నవ్."

"అన్న."

దర్శన చేతులు కడుక్కుంది. ఉంగరం వేలికే ఉంది.

చేపలను బకెట్‌లోకి మార్చి, స్వప్నిల్ ఇసుక తోడడం మొదలుపెట్టాడు. వజ్రమ్మ సాయమ్మ దగ్గర ఇనుప తట్ట అడిగి తెచ్చి, తడి ఇసుకను రెండు అంతస్తులు దించింది. "ఈ వయసుల ఏం మోస్తున్నవే వజ్రక్కా?" అని సాయమ్మ అడిగితే, "నేను పాడుజేసిందే" అంది. తట్ట కింద పెట్టి, అక్కడి నుంచే ఫోరస్ రోడ్‌కు నడిచింది.

రాములమ్మ గుమ్మంలో కూర్చుని మెంతికూర తుంచుతోంది. "ఏం వదినా, బిందె గూడ వద్దంటిరి. ఇగ పిల్లను గూడ పంపిస్తరా?"

"బిందె కోసమే వచ్చిన" అంది వజ్రమ్మ. కాసు సంగతీ, తాను నోరు మూసుకున్న సంగతీ నిలబడే చెప్పింది. పక్కగదివాళ్లు వింటున్నారని తెలిసినా గొంతు తగ్గించలేదు.

రాములమ్మ కూర్చోమనలేదు. చేతిలో కాడ తుంచుతూనే ఉంది. "నా చేతుల తప్పయ్యిందమ్మా అని ఏడ్చింది నా బిడ్డ. నేను గూడ తిట్టిన" అంది. తరువాత లేచి లోపలి నుంచి బిందె తెచ్చి చేతికిచ్చింది. "మోస్తవా, రిక్షా జూడాల్నా?"

"మోస్త."

వజ్రమ్మ బిందెను చంకన పెట్టుకుని ఇల్లు చేరేసరికి ట్యాంక్ ఖాళీగా ఉంది. కాసు ఇంకా మూత మీదే ఉంది. దర్శన బిందెను అందుకుని, లోపలికి తొంగి చూసి, పొయ్యి పక్కన పాత గుండ్రటి మచ్చ మీదే పెట్టింది.

"అమ్మ ఏమన్నది?"

"నిన్ను తిట్టినందుకు బాధపడ్డది."

కింద నల్లా వచ్చిన చప్పుడు వినిపించింది.

"బకెట్లు జరుపు అత్తమ్మా, నీళ్లు పట్టాలె" అంది. ఆ వెంటనే, "చేపలున్నది ముట్టకు" అంది.

వజ్రమ్మ దాన్ని వదిలి మిగతావి జరిపింది.