ఎవరి చేతికిచ్చాను

ఆసిఫాబాద్ బస్సు ప్లాట్‌ఫారం మీద ఇంకా ఆగనే లేదు, జనం డోరు మీద పడ్డారు. ఆ సాయంత్రమే మా చెల్లెలు ఫర్హీన్ నిశ్చితార్థం. సీటు దొరక్కపోతే ఎనిమిది నెలల పిల్లతో అంత దూరం నిలబడే పోవాలి. పక్కన బహదూర్ ఉన్నాడు కదా అని యుమ్నాను వాడి చేతుల్లో పెట్టి, "జర పట్టుకో, సీటు ఆపుతా" అని లోపలికి దూరాను. కిటికీ పక్క సీటు మీద దస్తీ వేసి, పిల్లను అందుకుందామని బయటికి చూస్తే వాడు లేడు.

బహదూర్ మా ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఏడాదిగా నూడుల్స్ చేస్తున్నాడు. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. మాది మేఘాలయ అని వాడొకసారి చెప్పినా మాకు వాడు నేపాలీనే. బండి వదిలి రాలేక మా ఆయన రజాక్ సామాను మోయడానికి వాణ్ణి నాతో పంపాడు.

ఎలా దిగానో తెలియదు. యుమ్నా, యుమ్నా అని అరిచాను. ఎనిమిది నెలల పిల్ల పలుకుతుందా? అయినా అరిచాను.

అంతలో బహదూర్ వచ్చాడు. భుజాలకు నా సంచులు, చేతిలో నీళ్ల సీసా. పిల్ల లేదు.

"యుమ్నా ఏది?"

"బేబీ మీ దగ్గరనే ఉండె గదా, భాభీ. నేను నీళ్లకు పోయిన."

"అబద్ధాలాడకు! నీ చేతికే ఇచ్చిన!"

"నాకియ్యలే, భాభీ."

బస్టాండులో పల్లీలమ్మే ఐలవ్వ లేచి వచ్చింది. "నేను గూడ జూసిన. గీనికే ఇచ్చింది. గీ చిన్న కండ్లోనికే."

పిల్లల నెత్కపోయేటోడు అని ఎవరో అరిచారు. మొదటి దెబ్బ ఎవరిదో తెలియదు. కాలరు పట్టుకున్నది మాత్రం నేనే. "అల్లా కసమ్, వీనికే ఇచ్చిన" అని జనానికి చెప్పింది నేనే. అబద్ధం చెప్పలేదు. పిల్లను అందుకున్న మొహం నా కళ్ల ముందే ఉంది. చిన్న కళ్లు, చప్పిడి ముక్కు, పచ్చటి ఛాయ. రోజూ చూసే మొహమే.

వాడి పెదవి పగిలింది. నేను ఆపమనలేదు. కొడితే చెప్తాడనుకున్నాను. "నా బిడ్డనియ్యిరా, నీ కాళ్లు మొక్కుతా" అని బతిమాలి, మరుక్షణం చెంప పగలగొట్టాను. వాడు ఒక్కసారి కూడా తిరిగి చెయ్యెత్తలేదు. "మంచిగ యాద్ చేసుకోండి, భాభీ" అంటూనే కూలబడ్డాడు.

అప్పుడు ఎంక్వయిరీ వైపు నుంచి ఏడుపు వినిపించింది. నా బిడ్డ ఏడుపే. ఒక మనిషి యుమ్నాను ఎత్తుకుని పరుగున వస్తున్నాడు, వెనకాల బస్టాండు ఉద్యోగి.

"ఈయనకు తెలుగు రాదమ్మా" అన్నాడు ఉద్యోగి. "ఎవరో ఆడామె పిల్లను చేతిల పెట్టి బస్సెక్కిందట. జనం కొడుతరని భయపడి మా దగ్గరికి ఉరికొచ్చిండు. మైకుల చెప్పుమంటుండని మాకు జర ఆలస్యంగ సమజైంది."

ఆ మనిషిని చూశాను. యాభై ఏళ్లుంటాయి. తల సగం నెరిసింది. గడ్డం మీద పెద్ద పుట్టుమచ్చ. బహదూర్‌కు ముప్పై కూడా లేవు, మొహం కోల. కళ్లూ ముక్కూ తప్ప ఇద్దరికీ ఎక్కడా పోలిక లేదు. ఆ కళ్లూ ఆ ముక్కూ చూసి, మిగతా మొహం నేను చూడనే లేదు. ఏడాదిగా కూడా చూడలేదు.

జనం జారుకున్నారు. ఐలవ్వ గంప సర్దుకుంటోంది.

నేను చేతులు చాపాను. యుమ్నా నా వైపు రాలేదు. కింద కూర్చున్న బహదూర్‌ను చూసి ఏడుపు ఆపింది. వాచిపోయి, రక్తం కారుతున్న ఆ మొహాన్ని పోల్చుకుని, వాడి మీదికి దూకబోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లను తీసుకుని వాడి ముందు కూర్చున్నాను. మాఫీ అడగాల్సింది. "పట్టుకో" అన్నాను.

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనేనా, భాభీ? మంచిగ చూసి ఇయ్యుండ్రి."