నాజిల్ డబ్బా

బకెట్ నీళ్ళలో మూడు మూతల మందు వంపి, శ్యామ్ సుందర్ కుడిచెయ్యి మోచేతిదాకా ముంచి గిరగిరా కలిపాడు. కర్ర పక్కనే ఉంది. కర్రతో కలిపితే అడుగున గడ్డలు మిగులుతాయని పదిహేనేళ్ళుగా అతని నమ్మకం. పైగా చెయ్యి చురుక్కుమంటే మందు అసలుదని, లేకపోతే షాపువాడు నీళ్ళు అంటగట్టాడని అతనికి అదొక పరీక్ష. ఆ ఉదయం చెయ్యి బాగానే చురుక్కుమంది.

పర్చూరు పక్కనున్న ఆ ఊళ్ళో మిరపతోటకి తామర పురుగు తగిలిందంటే ముందు కబురొచ్చేది అతనికే. ముప్పయ్యారేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పంపు మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది. గోళ్ళు పసుపుపచ్చగా మారి చాలా ఏళ్ళయింది. పెట్రోలు పంపు వీపుకెత్తుకుని సాళ్ళ మధ్య నడుస్తుంటే ముందు మందు పొగలా లేస్తుంది, వెనకాలే అతను ఆ పొగలోకి నడిచిపోతాడు. ముక్కుకి తువ్వాలు కడితే చెమటకి తడిసి ఊపిరాడదని దాన్ని నడుముకి చుట్టుకుంటాడు. పని అయ్యాక బెల్లం ముక్క చప్పరిస్తే ఒంట్లో విషం విరిగిపోతుందని మందు కొట్టేవాళ్ళలో ఒక మాట ఉంది. అతని జేబులో బెల్లం ఎప్పుడూ ఉంటుంది.

నాలుగో ట్యాంకు అయ్యేసరికి తోట యజమాని కోటేష్ గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"ఏరా శ్యామూ, ఇవాళ మీ ప్రార్థన కూటంలో మీ ఆవిడ చేత ఏదో ఒప్పిస్తారంటగా?"

"ఆడోళ్ళ గొడవలెండి, మనకెందుకు," అన్నాడు శ్యామ్ సుందర్, తేలు కుట్టిన దొంగలా పంపు స్టార్టు చేసుకుంటూ.

మనకెందుకట. ఊరందరికీ తెలిసిన ఆ గొడవకి మూలం ఎక్కడుందో తెలిసిన మగవాడు భూమ్మీద అతనొక్కడే.

పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, పిల్లల్లేరు. మహిమ పర్చూరులో మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పోతుంది. పొద్దున్నించీ సాయంత్రందాకా తొడిమలు తుంచి తుంచి మండే వేళ్ళతో ఇంటికొచ్చి వంట చేస్తుంది. అత్త జయకుమారి తెచ్చిన వేరు కషాయం రోజూ పరగడుపున గ్లాసెడు తాగుతుంది. ఒంగోలు ఆసుపత్రిలో ఆమెకి చెయ్యాల్సిన పరీక్షలన్నీ చేశారు. గర్భనాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఫొటో తీసిన రోజు పొత్తికడుపు పట్టుకుని బస్సులో నిలబడి వచ్చింది. అన్నీ బాగున్నాయి, ఈసారి మీ ఆయన్ని పంపించమ్మా అని లేడీ డాక్టరు చెప్పింది.

అతను వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు. డాక్టరు రిపోర్టు చదివి, వీర్యకణాలు చాలా తక్కువున్నాయి, ఉన్నవాటిలోనూ కదలిక లేదు అంది. ఏం పని చేస్తావని అడిగి తెలుసుకుంది. ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేనని, కానీ ఆ మందులకి దూరంగా ఉండి చూడాలని చెప్పింది. ఒంట్లో కొత్త కణాలు తయారవడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది, అప్పుడు మళ్ళీ పరీక్ష చేద్దామంది. "ఇది నీ తప్పు కాదు, ఆమె తప్పూ కాదు. ఇద్దరూ కలిసి రండి," అంది. ఆ రిపోర్టు కాగితం మీదే మందులకి దూరంగా ఉండాలని, మూడు నెలల తర్వాతి తేదీ రాసి, తేదీ కింద గీత కూడా గీసిచ్చింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో తల్లీ పెళ్ళామూ ఎదురుచూస్తున్నారు. బస్సులో గంటంబావు సేపు కూడబెట్టుకున్న ధైర్యం గుమ్మం ముందు జారిపోయింది.

"నాకేం లేదంట. అంతా బాగుందంట," అన్నాడు.

జయకుమారి ఆకాశానికి చేతులెత్తి స్తోత్రం చెప్పి, ఆ చేతులు దించుతూనే కోడలి వంక ఎలా చూసిందో అతను చూశాడు. చూసి లోపలికెళ్ళి, వసారా అటక మీదున్న నాజిల్ డబ్బాలో, అడుగున పరిచిన నూనెగుడ్డ కింద ఆ రిపోర్టు కుక్కాడు. అది పంపు సామాన్లుండే డబ్బా. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదని అతనే కట్టడి పెట్టాడు. ఆ రోజు నుంచి నాజిల్ తీసుకున్నప్పుడల్లా గుడ్డ కదలకుండా తీసుకునేవాడు.

తర్వాతి వారం మహిమ పర్చూరు నుంచి ఒక ప్యాకెట్టు తెచ్చి అతని చేతిలో పెట్టింది. మాస్కు, రబ్బరు గ్లౌజులు.

"ఈ మూడు నెల్లూ పంపెత్తమాకయ్యా. నా కూలితో గడుపుదాం. ఎత్తక తప్పదంటే ఇవన్నా ఏసుకో," అంది.

సీజనంతా ఇంట్లో కూర్చోమంటావా అని అతను నవ్వి, ప్యాకెట్టు పంపు పక్కన మేకుకి తగిలించాడు. ఆమె నవ్వలేదు.

మూడు నెలలు గడిచాయి. అతను ఒక్కరోజు పని మానలేదు. ఆమె ఒక్కరోజు కషాయం మానలేదు. జయకుమారి నోరూ మూతపడలేదు. నెల నెలా మహిమ తలస్నానం చేసిన పొద్దున ఆ అత్త ఇంట్లో గిన్నెలు ఎత్తెత్తి వేసేది. చివరికి పాస్టరమ్మ దగ్గరికెళ్ళి, దాచిన పాపమేదో ఉండబట్టే నా కోడలి గర్భం మూసుకుపోయింది, సంఘం ముందు ఒప్పుకుంటే గానీ తెరుచుకోదని పంచాయితీ పెట్టింది. పాస్టరమ్మ శుక్రవారం ఉపవాస కూటానికి తీసుకురమ్మంది.

ఆ శుక్రవారం ఇదే. పదకొండున్నరకి పంపు దించి, బోరు కింద ఒళ్ళు తోముకుంటూ శ్యామ్ సుందర్ ఒక వాక్యం వల్లె వేసుకున్నాడు. లోపం నాలో ఉంది. ఇంతే. చిన్నపిల్లాడు కూడా చెప్పగలిగిన మాట. సైకిలు తొక్కుతూ మళ్ళీ అనుకున్నాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

రేకుల షెడ్డులో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. పాటయ్యాక పాస్టరమ్మ మహిమని లేచి నిలబడమంది. మహిమ తల మీది ముసుగు సర్దుకుని లేచింది. పెళ్ళికి ముందు చేసిందైనా, తర్వాత చేసిందైనా, దేవుడికి తెలియనిది లేదు గనక దాచకుండా చెప్పమంది పాస్టరమ్మ. యాభైమంది మెడలు సాచారు. ఎనిమిదేళ్ళు కలిసి ముచ్చికలు తీసినవాళ్ళు కూడా, ఇప్పుడేం బయటపడుతుందోనని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

మహిమ మగవాళ్ళ వైపు తిరిగింది. తిన్నగా అతన్నే చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. నువ్వు చెబుతావా అని అడుగుతున్నట్టుంది. అతను తన గోళ్ళు చూసుకున్నాడు.

"నేను చేసిన పాపమేం లేదండి," అంది మహిమ చివరికి. "దాచినవాళ్ళుంటే వాళ్ళే చెబుతారని చూస్తన్నా."

జయకుమారి గొంతు గయ్యిమని లేచింది. నా కొడుకు మీదకి నెడుతోంది చూడండని అందరినీ పిలిచి చెప్పింది. పాస్టరమ్మ చెయ్యెత్తి ఆమెని ఆపి మగవాళ్ళ వైపు చూసింది.

"బాబూ శ్యామ్ సుందర్, నువ్వు పరీక్ష చేయించుకున్నావా?"

అడిగి మరీ తలుపు తీసింది. లోపలికి నడవడమే మిగిలింది.

"చేయించుకున్నానండి. నాకంతా బాగుందన్నారు," అన్నాడు.

మహిమ తల ఒక్కసారి ఊపింది, లెక్కలో రావాల్సిందే వచ్చినట్టు. చాపల అంచు వెంట నడిచి, గుమ్మం దగ్గర వంగి చెప్పులు చేతిలోకి తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. వెనక జయకుమారి గుమ్మడికాయల దొంగ సామెత చెబుతూనే ఉంది. భుజాలు తడుముకోవాల్సినవాడు కళ్ళు మూసుకుని అందరితోపాటు ప్రార్థన చేశాడు.

కూటం అయ్యాక అతను ఇంటికి పోలేదు. కోటేష్ తోటకే పోయి సాయంత్రం దాకా ఆరు ట్యాంకులు కొట్టాడు. అంత చురుగ్గా అతను ఎప్పుడూ పని చెయ్యలేదు.

పొద్దు వాలాక ఇంటికొస్తే జయకుమారి గుమ్మంలో కూర్చుని అన్నం తింటోంది. మహిమ నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని కొత్తపట్నంలో అక్క దగ్గరికి పోయిందట, తను ఆపలేదట. పీడ వదిలిందిరా, వచ్చే నెల్లో మంచి సంబంధం చూస్తానంది. కాదనాలని అతనికి అనిపించింది. దాహమేస్తోందన్నాడు.

వసారాలో పంపు దించి, నాజిల్ కడుగుదామని డబ్బా అందుకున్నాడు. అటక మీద వెనక్కి నెట్టి ఉండాల్సింది ముందుకు జరిగి ఉంది. మూత తీసి, మూడు నెలల్లో మొదటిసారి నూనెగుడ్డ ఎత్తాడు.

రిపోర్టు అక్కడే ఉంది. అతను ఉండచుట్టి కుక్కిన కాగితాన్ని ఎవరో మడతలు సాపు చేసి, నూనె అంటకుండా పాలిథిన్ కవర్లో పెట్టారు. కవరు మడతల్లో మురికి పేరుకుంది. అది ఇవాళ పెట్టింది కాదు. డాక్టరు గీత గీసిన తేదీ పోయిన సోమవారం.

ఈ మూడు నెల్లూ పంపెత్తొద్దని ఆ రోజు ఆమె అన్నది ఈ కాగితం చదివేనని అప్పుడు తట్టింది. మూడు నెలలూ తెలిసి కషాయం తాగింది, తెలిసి ఆ చాప మీద లేచి నిలబడింది, అతని నోటి నుంచే వినాలని. అతను గోడకి చేరగిలి కూలబడ్డాడు. ఏడుపొచ్చింది గానీ తల్లి వింటుందని నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. అప్పుడు కూడా.

తలెత్తితే ఎదురుగా మేకు. మేకుకి తగిలించిన ప్యాకెట్టు మీద మూడు నెలల దుమ్ముంది. లోపల ఆ గ్లౌజుల జత, చెయ్యి దూరని వేళ్ళతో, షాపులో మడిచినట్టే ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంది.