రాయబారి చేతి మైకు

నేను ఒక చేతి మైకుని. నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కితే చాలు, ఎంత సన్నని గొంతునైనా వీధి చివరిదాకా వినిపిస్తాను. విజయవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో పుట్టాను. పుడుతూనే గట్టిగా అరిచాను కాబట్టి మీకూ నాకూ పెద్ద తేడా లేదు.

నన్ను కొన్నది బందరులో సోషల్ పాఠాలు చెప్పే యార్లగడ్డ హైమవతి టీచరు. బడిలో ఆటల పోటీల కోసం కొన్నారు. కానీ వాయుగుండం అని రేడియోలో వినబడిందంటే, బడి వదలగానే నన్ను భుజాన తగిలించుకుని తీరంలోని పల్లెలను ఖాళీ చేయించడానికి బయల్దేరేవారు. ఎవరూ చెప్పని పని, జీతం లేని పని. నాకైతే పండగే!

ఒకసారి మోకా సింహాద్రి అనే ముసలి జాలరి కదలనని భీష్మించాడు.

"పడవొదిలేసి నేనెక్కడికీ రానమ్మా. మీరెళ్లిపోండి."

గాలి అప్పటికే ఇసుకను మొహాన కొడుతోంది. టీచరు నన్ను పక్కన పెట్టి, అతని అరుగు మీద చతికిలబడ్డారు.

"అయితే నేనూ ఉంటా బాబాయ్. కాస్త జరుగు."

అతను గుర్రుగా చూశాడు. "ఏం మొండిదానివమ్మా తల్లీ!" అంటూ లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

ఏళ్లు గడిచేసరికి ఆవిడ తయారుచేసిన వాలంటీర్లు తీరమంతా ఉన్నారు. పరాయి దేశాలవాళ్లూ వచ్చి నేర్చుకుని వెళ్లారు. ఆ దేశాల్లో ఒక చిన్న ద్వీపదేశం ఆవిణ్ణి మరిచిపోలేదు, తమ దగ్గరికి ఆవిణ్ణే పంపమని ఢిల్లీని అడిగింది. టీచరు రిటైరైన ఏడాదే ఢిల్లీ నుంచి ఫోను: ఆ దేశానికి మన రాయబారిగా వెళతారా?

"నేనా? రాయబారినా?" అని ఆవిడ తెల్లబోతే, భర్త రంగనాథంగారు పకపకా నవ్వారు. "అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టినదానివి, మంత్రుల్ని కూర్చోబెట్టలేవూ?"

పట్టుచీరల మధ్య పడుకుని నేను విమానమెక్కాను! ఎంబసీలో సెక్రటరీ నన్ను స్టోరురూములో పెట్టిస్తానన్నాడు. రాయబారి బల్లమీద ఇత్తడి జెండా ఉండాలి గాని మైకేమిటని అతని బాధ. "అక్కడే ఉండనివ్వండి," అన్నారు టీచరు.

రెండో ఏడాది ఒక ఉదయం ఆ దీవిలోని అగ్నిపర్వతం పేలింది. ఆకాశం నల్లబడి బూడిద రాలసాగింది. రేవులో మన సరుకు ఓడ ఒక్కటే ఉంది. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే మనవాళ్లు ఎక్కేశారు. వాళ్ల వెనక ఆ ఊరి జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు.

ఓడ కెప్టెన్ పైడిరాజు విశాఖవాడు. చేతులు జోడించాడు. "మేడమ్, మనోళ్ల వరకే నాకు పర్మిషను. ఈళ్లనెక్కిస్తే నా ఉద్యోగం పోద్ది."

"పోతే నాది పోతుంది. రాయబారి చెప్పిందని రాసుకోండి. ముందు ఆ నిచ్చెన దించండి, కెప్టెన్‌గారూ!"

నా జన్మలో అంత సూటి మాట విని ఎరగను. అతను వెనక్కి తిరిగి కేక పెట్టాడు. నిచ్చెన దిగింది! టీచరుకు ఆ ఊరి భాష రాదు. గుంపులో ఉన్న తలియా అనే బడిపంతులమ్మ చేతికి నన్నిచ్చారు. తలియా పిలుస్తూ ఉంటే జనం ఎక్కుతూనే ఉన్నారు. రేవు ఖాళీ అయ్యాకే వాళ్లిద్దరూ నిచ్చెన పట్టుకున్నారు. ఓడ కదిలిన కాసేపటికే రేవు బూడిదలో మాయమైంది.

అనుమతి ఎవరిచ్చారని ఢిల్లీ సంజాయిషీ అడిగింది. ఆ దేశాధ్యక్షుడు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పగానే, ఆ ఢిల్లీయే అదంతా తన ఆలోచనే అన్నట్టు మాట్లాడింది. మనుషులు నాకన్నా వేగంగా గొంతు మార్చగలరు.

కొండ చల్లారాక జనం మళ్లీ దీవికి చేరుకున్నారు. పదవీకాలం ముగిశాక టీచరు బందరుకు వెళ్లిపోతూ నన్ను తలియాకి ఇచ్చేశారు. "దీనికి ఇక్కడ చాలా పనుంది," అన్నారు. తలియా నన్ను భుజాన తగిలించుకుని బడివైపు నడిచింది.

నాకిప్పుడు ఆ ఊరి భాష కాస్త వచ్చు. "పరుగెత్తొద్దు, చేతులు పట్టుకోండి" అనే మాట బాగా వచ్చు. మొన్న కొండ మళ్లీ ఉరిమింది. తలియా నన్ను అందుకుని బడి గుమ్మంలోకి వచ్చేసరికి పిల్లలు అప్పటికే చేతులు పట్టుకుని వరసలో నిలబడి, ఇంకా పిలవలేదేమని మావైపు చూస్తున్నారు.