పేలాల ఇసుక

రుద్రూర్ చౌరస్తాలో రుక్మాబాయి నడిపే డీజిల్ డిపోలో ట్యాంకు అడుగు అతుకు చెమర్చడం మొదలుపెట్టింది సరిగ్గా డీజిల్ దొరకడమే గగనమైన కాలంలో. డెబ్బై నాలుగు జనవరి అది. చెరుకు నరుకుడు ముమ్మరంగా సాగుతోంది. నరికిన గడ బోధన్ ఫ్యాక్టరీకి చేరడం ఆలస్యమైన కొద్దీ తూకమూ తీపీ రెండూ పోగొట్టుకుంటుంది. అందువల్ల చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఆ డిపో వైపే చూస్తున్నాయి. సప్లై ఇన్‌స్పెక్టర్ మాట స్పష్టం: గురువారం ట్యాంకర్ వచ్చేసరికి కారడం ఆగి ఉండాలి, లేకుంటే ఆ డీజిల్ మరో డిపోకు వెళ్తుంది, లైసెన్సు సంగతి ఆ తర్వాత తేలుతుంది. భర్త పోయాక ఆ లైసెన్సును తన పేరుకు మార్పించుకోవడానికి కచేరీల మెట్లు అరగదీసిన మనిషి రుక్మాబాయి. దాన్ని ఒక చుక్క కారణంగా వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

వెల్డింగు ప్రశ్నే లేదు. ట్యాంకు ఖాళీ చేసినా లోపల ఆవిరి మిగులుతుంది, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక ఉన్న డీజిల్‌ను పీపాల్లోకి తోడించాక, మెకానిక్ ఏసుదానం నిజామాబాద్ వెళ్ళి రెండు గొట్టాల జిగురు తెచ్చాడు. ఒకదానిలో బంక, మరొకదానిలో దాన్ని రాయిలా బిగించే మందు. రెండూ సమంగా కలిపి, గాజునూలుతో నేసిన బట్ట పొర వేసి అతుకు మీద అంటించాడు. ఆపైన తడి గోనెసంచులు కప్పాడు. అతని తండ్రి మేస్త్రీ. చర్చి గోడలు లేచేటప్పుడు వాటికి పొద్దునా సాయంత్రమూ నీళ్ళు కొట్టింది ఏసుదానమే. తడి ఆరితే ఏ కట్టడమైనా పగులుతుందన్నది అతనికి ఆనాడే పట్టుబడిన పాఠం.

మర్నాడు పొద్దున రుక్మాబాయి సంచి ఎత్తి, బొటనవేలితో అతుకును నొక్కి చూసింది.

"గోరు దిగుతుంది తమ్మీ."

"ఇంకో పూట సూద్దామక్కా. లేకుంటే బిగిసే మందు జర ఎక్కువ కలిపి మళ్ళ పూస్త."

"కూరల కారమా, సాలకుంటే ఇంకింత ఏసెటందుకు? సమానం కలపాలెనని డబ్బ మీదనే ఉన్నది."

ఆమె అక్కడే కూర్చుని ఆలోచించింది. ఎండాకాలంలో ఇదే జిగురుతో అతికిన లాంతరు పిడి తెల్లారేసరికి బిగిసింది. జిగురు అదే, చేయి అదే. అయితే మారిందేమిటి? చలి ఒకటి, తడి ఒకటి. ఊహను నమ్మి రెండోసారి అతికించే వ్యవధి లేదు గనుక, కొంచెం జిగురు కలిపించి రెండు రేకుముక్కల మీద పూయించింది. ఒకదాన్ని ఇంట్లో పొయ్యి పక్కన పెట్టింది. మరొకదాన్ని పెరట్లో నీడపట్టున తడిగోనె కింద ఉంచింది.

పొద్దు వాలకముందే పొయ్యి పక్కది గోరు తగిలితే టక్కున పలికింది. గోనె కిందిది వేలికి పాకంలా అంటుకుంది.

ఏసుదానం రెండింటినీ చాలాసేపు చూశాడు. "గిది మా బాపు సూస్తే సమాధిలకెల్లి లేసొస్తడు."

"రానియ్యి. పాత బంకంత గీకెటందుకు ఒక మనిషి తక్కువున్నడు."

గీకడం, గరుకు కాగితంతో ఇనుము తేటపడేదాకా రుద్దడం మరునాటి పొద్దెక్కేదాకా సాగాయి. ఇనుము మీది మంచుతడి ఆరి, రేకు ఎండకు వెచ్చబడ్డాకనే కొత్త జిగురు పూయనిచ్చింది రుక్మాబాయి. మిగిలిన చిక్కల్లా ఒక్కటే: ఆ వెచ్చదనాన్ని నిలిపేదెలా? డీజిల్ దగ్గరికి కుంపటి తేకూడదు. నిప్పు రాకుండా వేడి మాత్రమే రావాలి.

చౌరస్తాకు అవతల, గాలివాటుకు దూరంగా, హన్మవ్వ జొన్న పేలాలు వేయిస్తోంది. భట్టి మీద మూకుడు, మూకుడు నిండా కాగిన ఇసుక. రుక్మాబాయి తిన్నగా అక్కడికి నడిచింది.

"అవ్వా, నీ ఇసుక గావాలె."

"డీజిలు వోసుడు ఇడిసి పేలాలు అమ్ముతవా బిడ్డా?"

"నా ట్యాంకుకు సలి వెట్టింది."

"మరి గొంగడి కప్పరాదు?"

"అది గూడ నీదే ఇయ్యి."

హన్మవ్వ నవ్వి, గొంగడి తీసిచ్చింది. వేడి ఇసుకను బట్టసంచుల్లో నింపి, అరచేతి వెనుకవైపు ఆనిస్తే ఓర్చుకోగలిగేటంత చల్లార్చి, అతుకు పొడవునా మైనపు కాగితం పరిచి దానికి ఆనించి పేర్చారు. పైన గొంగడి కప్పారు. సంచులు చల్లబడినప్పుడల్లా ఏసుదానం వాటిని భట్టికి మోసుకెళ్ళి కొత్త వేడితో తెచ్చాడు. "ట్యాంకు బాలింత అయింది, కాపడం వెడుతున్నరు," అన్నారు చౌరస్తాలో బీడీలు కాల్చే ట్రాక్టరు డ్రైవర్లు. "బీడీలు ఆర్పి దూరం పోయి నవ్వుండ్రి," అంది రుక్మాబాయి. బుధవారం సాయంత్రానికి అతుకు పొడవునా ఎక్కడ తట్టినా ఒకటే మోత.

గురువారం ఆమె అతుకు మీద తెల్లగా సున్నం పూయించింది. డీజిల్ ఏ కాస్త ఊరినా సున్నం మీద జిడ్డుమరక దాగదు. దాని కింద శుభ్రమైన గుడ్డ పరిచి హన్మవ్వ ఇచ్చిన ఇసుకను పలచగా పోయించింది. ట్యాంకర్ గొట్టం తగిలించారు. డీజిల్ నిండేకొద్దీ ట్యాంకు మోత బరువెక్కింది. ఇన్‌స్పెక్టర్ గొంతుక్కూర్చుని సున్నపు గీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు. గీత తెల్లగానే ఉంది.

"వెల్డింగు చేపించినవా అమ్మా?" అన్నాడు అనుమానంగా.

"లేదు సార్," అన్నాడు ఏసుదానం, "కాపడం వెట్టినం."

ఇన్‌స్పెక్టర్ లేచి, పంపకం మొదలుపెట్టమని చేయి ఊపాడు. చౌరస్తాలో ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి గుర్రుమన్నాయి.

ఆ సందడి మధ్యకు హన్మవ్వ వచ్చింది. "రేపు అంగడి. నా ఇసుక నాకియ్యి. దాంట్ల డీజిలు వాసనొచ్చిందనుకో, పేలాలన్నీ నువ్వే తినాలె."

రుక్మాబాయి గుడ్డ నాలుగు కొసలూ దగ్గరికి పట్టి ఇసుకను ఆమె ముందుంచింది. ముసలామె పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఊరంతటిలో ఆమెను మించిన పరీక్షాధికారి ఆ పూట ఇంకెవరూ లేరు.

"జొన్న వాసనే," అంది. మూట చంకన పెట్టుకుని భట్టి వైపు నడిచింది.