మునగాకు, ఉర్లగడ్డ

మునగ రెబ్బలు చేటలో వేసుకుని ఆకు దూస్తుంటే లక్ష్మీనరసమ్మకు ఈనాటికీ అర్ధవీడులోని పుట్టిల్లే గుర్తొస్తుంది. అమ్మ ఆ ఆకులో పెసరపప్పు వేసి, ఎండుమిరపకాయలతో తిరగమోత పెడితే గొర్రెల దొడ్డిదాకా వాసన వచ్చేది. నాయన, అమ్మ, పిల్లలు ఒకే దాక చుట్టూ కూర్చునేవాళ్ళు. కూర అయిపోతే అందరికీ ఒక్కసారే అయిపోయేది.

దొనకొండ దగ్గరి అత్తగారింట్లో అట్లా కాదు. రైల్లో వచ్చే ఉర్లగడ్డల కూర, అంటే బంగాళాదుంపల కూర, మగవాళ్ళకు. పెరట్లో ఊరికే దొరికే మునగాకు ఆడవాళ్ళకు.

"సేద్యం చేసొచ్చిన మొగోనికి ఆకులలములు పెడతామా?" అనేది అత్త రంగనాయకమ్మ.

లక్ష్మీనరసమ్మకు ఆ మాట ఎన్నడూ కష్టం అనిపించలేదు. ఆకు ముద్ద నోట్లో పెట్టుకుంటే అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోగలిగింది ఆ రుచి ఒక్కటే.

పెళ్లైన రెండో ఏడు భర్త మాల్యాద్రికి రేచీకటి వచ్చింది. పొద్దుగూకితే గొడ్ల కట్టుకొయ్యకు తట్టుకుని పడేవాడు. మిషను ఆసుపత్రిలో నర్సు రూతమ్మ, ఇంట్లో ఎవరేం తింటారో అడిగి తెలుసుకుని చెప్పిందట: "ఉర్లగడ్డతో కడుపు నిండుద్ది నాయనా. కండ్లకు, నెత్తురుకు కావాల్సిన సత్తువ మునగాకులో ఉంది. మీ ఆడోళ్ళకు రాని జబ్బు నీకెందుకొచ్చిందనుకున్నావు?"

అతను ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్త బుగ్గలు నొక్కుకుంది. "అమ్మో! ఇంత బలమైన దాన్ని ఇన్నాళ్ళూ మనమే తినేస్తిమే! రేపటి నుంచి మొగోళ్ళకు పెట్టు. మనకు ఉర్లగడ్డలు చాలు."

ఎండాకాలం. చెట్టు ఒక్కటే. దూసిన ఆకంతా మామ కంచానికీ, భర్త కంచానికీ సరిపోయేది. అడుగంటిన మూకుడు కడుగుతూ లక్ష్మీనరసమ్మ వాసన మాత్రం చూసుకునేది. మాల్యాద్రి చూపు తేటపడింది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

ఒక సందెవేళ నీళ్ళబిందెతో వస్తూ ఆమె గడప తన్నుకుని ముందుకు పడింది. బిందె దొర్లిపోయింది. రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూర్చుంది. లోపల బిడ్డ కదలిక తెలిసేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.

"కండ్లు యాడ పెట్టుకున్నావే?" అన్నాడు మాల్యాద్రి.

గొంతు వినపడింది గాని, మనిషి ఎక్కడున్నాడో ఆమెకు కనపడలేదు.

"కడుపుతో ఉంటే అట్లనే ఉంటదిలేరా," అంది అత్త.

మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళు కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి లక్ష్మీనరసమ్మ పొయ్యి పక్కన పీట వాల్చుకుని తింటోంది. ఆకుకూర మూకుడు ఆమె ఒడి దగ్గరే ఉంది. అమ్మ చేసినట్టే కుదిరింది ఆవేళ. ఒక్కొక్క ముద్దా నిదానంగా నములుతోంది.

"ఏందే ఇది? మొగోళ్ళు తినకముందే ఎంగిలి చేస్తివా?" అంది అత్త. "వాళ్ళకేం పెట్టాల ఇప్పుడు?"

లక్ష్మీనరసమ్మ నోట్లో ముద్ద మింగి, ఎడమచేత్తో ఉర్లగడ్డల గిన్నె అత్త వైపు జరిపింది.

"సేద్యం చేసొచ్చినోళ్ళు గదత్తా. మంచి కూరే పెట్టు."