రా, రండి, టింగ్

నేను ఒక బల్లగంటను. ఆఫీసుల్లో కాలింగ్ బెల్లు అంటారు. ఇడ్లీ రేకులో ఒక గుంటను కత్తిరించి బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. నడినెత్తిన ఒక బొడిపె. దాన్ని నొక్కితే లోపలున్న చిన్న సుత్తి ఒంటికి తగిలి ‘టింగ్’ మంటాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. ఎవరు కొట్టినా, ఎందుకు కొట్టినా అదే టింగ్. మొదట్లో నొప్పి పుట్టేదేమో, జ్ఞాపకం లేదు. నెత్తి మొద్దుబారి చాలా కాలమైంది.

పుట్టింది ఎక్కడో ఇత్తడి పోతపోసే కొలిమి దగ్గర. అదే ఇత్తడిలోంచి హారతి గంటలు కూడా వచ్చాయి. వాటిని మోగిస్తే దేవుడు వస్తాడని నమ్మకం. నన్ను మోగిస్తే టీ వస్తుంది. రావడం మాటకొస్తే నాదే పైచేయి.

విజయనగరంలో ఒక కాగితాల కొట్టు గాజు బీరువాలో కొన్నాళ్లు కూర్చున్నాక, ఊరి చివరి పాల కంపెనీవాళ్లు నన్ను కొనుక్కుపోయారు. మొదటి మేనేజరుకి కోపం వచ్చినా నిద్ర వచ్చినా చెయ్యి నా మీదే పడేది. రిటైరైన రోజున ఆయన దండలూ శాలువాలూ పట్టుకెళ్లాడు గానీ నా వంక చూడలేదు. ఆ కుర్చీలోకి దక్షిణామూర్తి వచ్చాడు. బల్ల మారలేదు, నేను మారలేదు, గది బయట స్టూలు మీద కూర్చునే అటెండరు సన్యాసిరావూ మారలేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అప్పట్లో ఒకడు ‘ఒరే దచ్చీ’ అంటే ఇంకొకడు ‘ఒరే సన్నాసీ’ అనేవాడు. తండ్రి పోవడంతో సన్యాసిరావు చదువు ఆగింది. దక్షిణామూర్తిది ఆగలేదు. తీరా ఒకే గది గుమ్మానికి ఒకడు లోపల, ఒకడు బయట తేలారు.

మనుషులు ఒకరినొకరు పిలవాలంటే ముందు ఎవరెంత ఎత్తులో ఉన్నారో కొలుచుకోవాలి. ఇత్తడికి ఆ బాధ లేదు, అందుకే నేను ఇద్దర్నీ ‘అతను’ అనే అంటాను. దక్షిణామూర్తికి అంత సుఖం లేదు. ‘రా’ అంటే అధికారం చూపించినట్టు. ‘రండి’ అంటే బెంచీని మర్చిపోయినట్టు. పాత అలవాటున ‘సన్నాసీ’ అని కేకేస్తే, పక్క గదిలోవాళ్లు మేనేజరు అటెండరును తిడుతున్నాడనుకుంటారు. ‘రా’కీ ‘రండి’కీ మధ్య తెలుగులో ఇంకో మాట లేకపోవడంతో అతను నన్ను నొక్కేవాడు. టింగ్. నాలో నువ్వూ లేదు, మీరూ లేదు.

సన్యాసిరావు లోపలికి వచ్చాక మాట్లాడక తప్పదు కదా. దానికీ దక్షిణామూర్తి ఒక ఉపాయం కనిపెట్టాడు. “టీ తేవాలి.” “ఫైలు అక్కడ పెట్టాలి.” “కిటికీ వెయ్యాలి.” ఎవరు తేవాలో, ఎవరు వెయ్యాలో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఆకాశవాణి చెప్పినట్టు చెప్పేవాడు. సన్యాసిరావు “అలాగే సార్” అనేవాడు, ‘సార్’ని కాస్త ఒత్తి. అలా ఇద్దరి జుట్టూ తెల్లబడింది.

ఇంతలో కంపెనీకి సాకేత్ అని ఒక కుర్ర ఎండీ వచ్చాడు. గంట కొట్టి మనిషిని పిలవడం పాతకాలపు పెత్తనమన్నాడు. ఇకమీదట అందరూ అందర్నీ పేరు పెట్టి పిలుచుకోవాలన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అటెండరు ఉద్యోగాలు కూడా తీసేశాడు. నెలాఖరులోగా ప్రతి మేనేజరూ తన అటెండరుతో కూర్చుని మాట్లాడి, ఏ పని చేస్తాడో అతన్నే అడిగి, కొత్త పనిలో పెట్టుకోవాలి. అడగనివాళ్ల మనుషులు చేతిలో పెట్టిన నాలుగు రూపాయలు తీసుకుని ఇంటికి పోవాలి.

పాలు పరీక్ష చేసే కౌంటర్లో ఒక ఖాళీ ఉంది. సన్యాసిరావు ఇల్లు గడిచేది అతని జీతం మీదే. దక్షిణామూర్తి చెయ్యాల్సిందల్లా ఒక్క ప్రశ్న అడగడం. కానీ ప్రశ్నకి ముందు పిలుపు ఉండాలి. ఆ పిలుపు నాతోపాటు సొరుగులోకి పోయింది.

సొరుగులో చీకటి, చాక్లెట్ కాగితాలు, సిరా లేని పెన్నులు. అక్కడి నుంచే విన్నాను. ఒకరోజు దక్షిణామూర్తి ధైర్యం చేసి ఫోన్లో ‘ఒకసారి గదిలోకి రండి’ అని మెసేజి కొట్టాడు. అలవాటు కొద్దీ పేరు రాయలేదు. పైగా అది సన్యాసిరావుకి కాకుండా ఆఫీసు గ్రూపుకి పోయింది. కాసేపటికి క్యాషియరు, ల్యాబులో అమ్మాయిలు, డ్రైవర్లు, అందరూ గదిలో దిగారు.

“ఏటి సార్, బోనసా?”

“బోనసయితే చెప్తారేటి, ఎవర్నో పీకేసుంటారు.”

“అబ్బే, ఏం లేదు. అందరూ వెళ్లాలి,” అన్నాడు దక్షిణామూర్తి.

గుంపు వెళ్లిపోయాక, గుమ్మం దగ్గర చోటు దొరక్క ఆగిపోయిన సన్యాసిరావు మిగిలాడు. “నన్నేమైనా పిలిచారా సార్?”

“కిటికీ వెయ్యాలి,” అన్నాడు దక్షిణామూర్తి.

కిటికీ పొద్దుటి నుంచీ వేసే ఉంది.

ఆ తర్వాతి వారం, మార్పుకి అలవాటు పడటం ఎలాగో నేర్పడానికి విశాఖపట్నం నుంచి ఒక మేడమ్‌ని రప్పించారు. రంగు రంగుల కాగితాలు గోడకి అంటించింది. పెద్దవాళ్ల చేత బంతి ఆడించింది. ఆ మీదట నన్ను సొరుగులోంచి తెప్పించి, బల్ల మీద పెట్టి, “ఇదేంటో ఎవరైనా చెప్పండి” అంది.

“దచ్చిణామూర్తిగారి నోరు మేడమ్,” అన్నాడు వెనకనుంచి ఒక డ్రైవరు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు, నాకు రాదు.

ఇప్పుడు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, పేరు పెట్టి పిలుచుకుని, ఒక ప్రశ్న అడగాలట. చీట్లు తీస్తే దక్షిణామూర్తికి సన్యాసిరావే వచ్చాడు. ఇన్నేళ్లకి అవకాశం నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

“సన్యాసిరావుగారూ.”

అందరూ చప్పట్లు కొట్టారు. సన్యాసిరావు ముఖం మాత్రం నోటీసు అందుకున్నవాడిలా అయింది. “చెప్పండి సార్.”

“భోజనం అయిందా అండీ?”

“అయింది సార్.”

“చూశారా, ఎంత మార్పో!” అంది మేడమ్. సమోసాలు వచ్చాయి. నన్ను పాత సామాన్ల బుట్టలో పడేశారు.

బుట్ట బయట పారెయ్యాల్సింది సన్యాసిరావే. చుట్టూ చూసి, నన్ను తీసి క్యారేజీ పై గిన్నెలో పెట్టుకున్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు. చారు వాసన పీల్చుకుంటూ అతనింటికి చేరాను. వరండా పిట్టగోడ మీద పెట్టాడు. మర్నాడు అతను ఆఫీసుకి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు.

“ఏటి, డూటీ లేదా?” అంది అతని భార్య పైడమ్మ.

“పిలిస్తే ఎల్తాను.”

“గంట తెచ్చి ఇంట్లో ఎట్టుకుని, గంట కొట్టలేదంటావేటి? ఎవులు కొడతారు?”

సన్యాసిరావు వరండాలో మంచం వాల్చుకున్నాడు.

రేపటితో గడువు తీరుతుందనగా, సాయంత్రం స్కూటరు మీద దక్షిణామూర్తి వచ్చాడు. పైడమ్మ వేసిన కుర్చీలో, పిట్టగోడ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా మంచం మీద సన్యాసిరావు. ఎండల గురించి ఒక మాట నడిచింది. పాల ధర గురించి ఇంకో మాట. తర్వాత ఏమీ లేదు. తడబాటులో దక్షిణామూర్తి చెయ్యి పక్కకి వెళ్లింది. ఆ చేతికి నేను బాగా తెలుసు.

టింగ్.

సన్యాసిరావు మోకాళ్లు వాటంతటవే లేచాయి. మనిషి సగం లేచి, ఆగి, దక్షిణామూర్తి ముఖంలోకి చూసి, తిరిగి తాపీగా కూర్చున్నాడు.

“మంచినీళ్లు కావాలంటే కుండ ఆ మూలనుందిరా దచ్చీ. ముంచుకో.”

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దక్షిణామూర్తి లేచి వెళ్లి ముంచుకున్నాడు. సగం తాగాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. గ్లాసు చేత్తో పట్టుకునే, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

“ఒరే సన్నాసీ.”

“ఊఁ.”

“పాల కౌంటర్లో ఖాళీ ఉంది. చేస్తావా?”

“ఈ ముక్క అడగడానికా, ఆవేళ ఊరందర్నీ గదిలోకి పిలిచావు?”

“చేస్తావా లేదా చెప్పరా.”

“చేస్తాన్లే. ఆఫీసులో నాను సారంటాను. నువ్వు పేరెట్టి పిలు.”

“ఏ పేరు?”

“సన్నాసనే పిలు. తిట్టనుకుంటే ఆల్లే అనుకుంటారు.”

మర్నాటి నుంచి సన్యాసిరావు కౌంటరుకి వెళుతున్నాడు. దక్షిణామూర్తి వరండాలోకి వచ్చి ‘సన్నాసీ’ అని పిలిస్తే కొత్త గుమాస్తాలు ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నారట. ఇంటికొచ్చి చెబుతుంటే విన్నాను.

ఆ సాయంత్రపు దెబ్బతో నా లోపలి స్ప్రింగు తెగింది. ఇక టింగ్ లేదు. బాధగా ఉందా అంటే లేదు. సంతోషమా అంటే, అదీ తెలియదు. పైడమ్మ నా పై డొప్ప విప్పి ఉప్పు గిన్నెకి మూత చేసుకుంది. సరిగ్గా సరిపోయాను.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. పైడమ్మ కూడా మొగుణ్ణి ఇన్నేళ్లలో ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. అన్నం వడ్డించాక నన్ను తీసి గిన్నె అంచుకేసి కొడుతుంది.

టక్.

సన్యాసిరావు లేచి వస్తాడు.